మొక్క పేరుతోపాటు ఆ పేరు తేలిన దారినీ దాచిపెట్టాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

ఫోనుతో ఫొటో తీస్తే చాలు ఏ మొక్క పేరైనా క్షణంలో తెలిసిపోతుందనీ, ఆదేశాలు టైపు చేస్తూ జాతులను గుర్తించే పాత కంప్యూటర్ ప్రోగ్రాములకు కాలం చెల్లిందనీ మీ పత్రిక ఆదివారం విజ్ఞాన పుటలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్న వాణ్ణి కనుక ఈ ఉత్తరం రాసే చొరవ తీసుకుంటున్నాను. మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. మా ఇంట్లో పిల్లలు పెరట్లోని ప్రతి మొక్కకూ ఫోను చూపించి పేరు అడుగుతుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది. రెండో మాట మాత్రం పొరపాటని నా అభిప్రాయం. ఆ పాత ప్రోగ్రాములు పేరు చెప్పి ఊరుకునేవి కావు. ఏ లక్షణాలు చూసి, ఏ వరుసలో, ఎంత సందేహానికి చోటిచ్చి ఆ పేరుకు వచ్చామో ఫైళ్లలో రాసిపెట్టేవి. ఆ ఫైళ్లను సరిగా వాడుకోవడం మనలో చాలామంది నేర్చుకోలేదు, నేర్పలేదు కూడా. వ్యాసంలో ఈ విషయం ఎక్కడా రాలేదు గనుక దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

ఎండు మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియంలో పనిచేసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. ఎండబెట్టిన మొక్కను అట్టకు అతికించి, అది ఫలానా జాతి అని నిర్ధారించిన వారు ఒక చిన్న చీటీ మీద పేరు, తేదీ, సంతకం పెట్టి ఆ అట్ట మీదే అంటిస్తారు. ఇరవై ఏళ్ల తరువాత మరొకరు వచ్చి అది ఆ జాతి కాదని తేల్చితే పాత చీటీని పీకివేయరు, దాని పక్కన మరో చీటీ అంటిస్తారు. ఒకే అట్ట మీద మూడు నాలుగు చీటీలు పేరుకున్న నమూనాలను నేను చూశాను. ఆ మొక్కపై ఎవరెవరు ఎప్పుడు ఏమనుకున్నారో వాటిని చూస్తే తెలిసిపోతుంది. అయితే ఎందుకు అలా అనుకున్నారన్నది ఆ చీటీలో ఉండదు. ఆ లోటును తీర్చగలిగినవి నేను చెప్పబోయే ఫైళ్లు.

మొక్కలను గుర్తించడానికి నేను వాడినది ఇంట్‌కీ అనే ప్రోగ్రాము. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. కీటకశాస్త్ర విభాగంలో, కాన్‌బెర్రా నగరంలో, 1971 నుండి 2000 వరకు మైక్ డాల్విట్జ్, ఆయన సహచరులు రూపొందించిన డెల్టా అనే వ్యవస్థలో అది ఒక భాగం. జీవుల వర్ణనలను కంప్యూటరుకు అర్థమయ్యే పద్ధతిలో సంకేతాలుగా రాసే ఈ విధానాన్ని వివరిస్తూ డాల్విట్జ్ 1980లో టాక్సన్ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వర్గీకరణకు పనికివచ్చే వర్ణనల భాష అన్న అర్థం గల ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపితే డెల్టా అయింది. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వాణ్ణి కనుక ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఇది మన కాలువల లెక్కేమో అనుకున్నాను. తీరా చూస్తే దానితో నమూనాగా ఇచ్చే చిన్న సమాచార సంపుటిలో ఉన్నవి 14 గడ్డి ప్రజాతులు, అంటే దగ్గరి జాతుల గుంపులు. వాటిలో వరి ఉంది, మొక్కజొన్న ఉంది, వెదురు ఉంది, రాగి పంట చేరే ఎల్యుసీన్ ఉంది, గరిక చేరే సైనోడాన్ ఉంది, మన వరిచేలను పీడించే ఊద చేరే ఎకినోక్లోవా ఉంది. ఎక్కడో కాన్‌బెర్రాలో తయారైన పాఠం మా పొలం గట్టు మీది గడ్డితో మొదలుపెట్టి చెప్పుకోవచ్చన్నమాట.

ముద్రిత గ్రంథాల్లో మొక్కను గుర్తించడానికి ఇచ్చే కీ ఎలా ఉంటుందో విద్యార్థులకు తెలుసు. రెండేసి ప్రశ్నల జంటలు వరుసగా ఉంటాయి. మొదటి జంటకు జవాబు చెప్పందే రెండోదానికి పోలేము. మొదటి ప్రశ్న పువ్వు గురించి అయి, మన చేతిలోని మొక్క ఇంకా పూయకపోతే అక్కడితో దారి మూసుకుపోతుంది. ఇంట్‌కీలో ఆ బంధనం లేదు. కనిపించిన లక్షణంతో మొదలుపెట్టవచ్చు. యూజ్ అనే ఆదేశం ఇచ్చి, ఫలానా నంబరు లక్షణానికి ఫలానా స్థితి అని చెబితే, దానితో పొసగని ప్రజాతులను ప్రోగ్రాము పక్కకు తప్పిస్తుంది. తరువాత ఏ లక్షణం చూస్తే పని త్వరగా తెములుతుందో తోచకపోతే బెస్ట్ అనే ఆదేశం ఇస్తే, మిగిలిన వాటిని బాగా విడదీయగల లక్షణాలను వరుసపెట్టి చూపిస్తుంది. రెండు ప్రజాతుల మధ్య తేడాలు చెప్పమంటే చెబుతుంది, ఒక ప్రజాతిని తక్కిన అన్నింటి నుండి వేరుచేసే క్లుప్త వర్ణన ఇమ్మంటే ఇస్తుంది. మెనూలు, బొత్తాలు ఉన్న విండోస్ రూపం తరువాత వచ్చింది. అందులో కూడా లోపల నడిచేవి ఈ ఆదేశాలే.

ఇక ఫైళ్ల విషయం. ప్రోగ్రాములోకి వెళ్లేవి కొన్ని, దాని నుండి వచ్చేవి కొన్ని. ఈ తేడా వినడానికి తేలికగా ఉన్నా ఆచరణలో మా ల్యాబులో జరిగిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి.

లోపలికి వెళ్లే వాటిలో ముఖ్యమైనవి సమాచారపు ఫైళ్లు. లక్షణాల జాబితా ఒక ఫైలులో, ఆ లక్షణాలు ఎన్ని, ఏ రకానివి అన్న నిర్దేశాలు మరొకదానిలో, ఒక్కొక్క ప్రజాతి వర్ణన ఇంకొకదానిలో మామూలు అక్షరాలుగా ఉంటాయి. వీటిని మనం తెరచి చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. కాన్‌ఫర్ అనే మరో ప్రోగ్రాము ఈ మూలాలను తీసుకుని ఇంట్‌కీ వేగంగా చదవగలిగే రెండు ఫైళ్లుగా మారుస్తుంది. మార్చిన తరువాత వాటిని మామూలు ఎడిటరులో తెరిస్తే పిచ్చిగీతలు తప్ప ఏమీ కనబడవు. మా విద్యార్థి ఒకరు మూడు నెలలు కష్టపడి స్థానిక కలుపు మొక్కల సమాచారం తయారుచేసి, తరువాతి బ్యాచికి పెన్‌డ్రైవులో ఈ మారిన ఫైళ్లను మాత్రమే ఇచ్చి వెళ్లాడు. ఒక వర్ణనలో తప్పు దిద్దాలంటే వారికి దారి లేకపోయింది. విత్తనపు వడ్లు అడిగితే అన్నం పెట్టి పంపినట్టయింది. తినడానికి బాగానే ఉంటుంది కానీ మెతుకులను నారుమడిలో చల్లితే మొలవవు కదా. చివరకు ఆ మూలం ఫైళ్లు అతని ఇంట్లో ఒక పాత కంప్యూటరులో దొరకడం మా అదృష్టం.

లోపలికి వెళ్లే రెండో రకం ఆదేశాల ఫైలు. ప్రతిసారీ కీబోర్డు మీద టైపు చేయవలసిన ఆదేశాలను ముందుగా ఒక ఫైలులో రాసిపెట్టుకుని, ఫైల్ ఇన్‌పుట్ అనే ఆదేశంతో ఆ ఫైలు పేరు చెబితే, ప్రోగ్రాము వాటిని వరుసగా చదివి అమలుచేస్తుంది. బోధనలో దీని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. తరగతిలో ముప్పై మంది ఒకే మొక్కను పరిశీలిస్తున్నప్పుడు, ఒకరు తప్పులకు చోటివ్వని అమరికతో, ఇంకొకరు ఒక తప్పును మన్నించే అమరికతో, మరొకరు పూల లక్షణాలన్నీ కలుపుకుని మొదలుపెడితే, ఫలితాలను పోల్చి చూడడంలో అర్థం లేదు. అందుకని ప్రారంభ ఫైలు ఒకటి తయారుచేసి అందరికీ ఇచ్చేవాణ్ణి. ఏ సమాచార సంపుటి తెరవాలి, ఎన్ని పొసగని లక్షణాల వరకు ఓర్చుకోవాలి, పూయని మొక్క కనుక కాండం, ఆకు, తొడుగు లక్షణాలనే పరిగణించాలి అన్న నాలుగైదు పంక్తులే అందులో ఉండేవి. అవి అందరికీ ఒకటే అయినప్పుడు, ఫలితంలో తేడా వస్తే అది చూపులో తేడా అని నిశ్చయంగా చెప్పగలిగేవాళ్లం.

బయటకు వచ్చే ఫైళ్లు మూడు. వీటి మధ్య తేడా తెలియక పడిన అవస్థ ఇంతా అంతా కాదు. ఫైల్ జర్నల్ అన్న ఆదేశంతో తెరిచే ఫైలులో మనం ఇచ్చిన ఆదేశాలు మాత్రమే చేరతాయి, ప్రోగ్రాము చెప్పిన జవాబులు చేరవు. ఫైల్ లాగ్‌తో తెరిచే దానిలో ఆదేశమూ, దానికి ప్రోగ్రాము చెప్పినదీ ఒకదాని వెంట ఒకటిగా అంతా చేరుతుంది. ఫైల్ అవుట్‌పుట్‌తో తెరిచే దానిలో మనం కోరి రప్పించుకున్న వర్ణనలు, తేడాల పట్టికలు వంటి ఫలితాలు చేరతాయి. పాత షావుకార్ల లెక్కలు ఎరిగిన వారికి చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న భేదం చెప్పనక్కరలేదు. రోజంతా జరిగినది జరిగిన వరుసలో రాసేది చిట్టా, పద్దుల వారీగా విడదీసి రాసుకునేది ఆవర్జా. లాగ్ ఫైలు చిట్టా వంటిది, అవుట్‌పుట్ ఫైలు ఆవర్జా వంటిది. జర్నల్‌కు మాత్రం మన లెక్కల పుస్తకాల్లో సరైన జోడీ నాకు దొరకలేదు. విచారణలో ప్లీడరు వేసిన ప్రశ్నలను మాత్రమే రాసుకుని, సాక్షి జవాబులు వదిలేసిన కాగితం అనుకోవచ్చు.

జవాబులు లేని ప్రశ్నల కాగితం ఎందుకని మా విద్యార్థులు కూడా అడిగేవారు. దాని ప్రయోజనం ఏమిటంటే, నేటి జర్నల్ ఫైలును రేపు ఇన్‌పుట్ ఫైలుగా తిరిగి ఇవ్వవచ్చు. నిన్న మనం నడిచిన దారినే ప్రోగ్రాము మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. మధ్యలో ఏ పంక్తి దగ్గర తప్పు జరిగిందో అనుమానం వస్తే ఆ ఒక్క పంక్తినే మార్చి మళ్లీ నడిపించవచ్చు. లాగ్ ఫైలుతో ఈ పని కాదు, అందులో ఆదేశాలూ జవాబులూ కలగలిసి ఉంటాయి. మనం చదువుకోవడానికి లాగ్ మంచిది, ప్రోగ్రాము చదువుకోవడానికి జర్నల్ మంచిది.

ఇది మాకు ఎలా ఉపయోగపడిందో ఒక అనుభవం చెబుతాను. ఒక ఖరీఫ్‌లో నాటు వేసిన కొద్ది వారాలకు చేలోంచి పీకుకొచ్చిన పూయని మొక్కను ఒక విద్యార్థి పరిశీలించి, అది వరి అని చీటీ రాసి అట్ట మీద అంటించాడు. రెండు నెలల తరువాత ఆ అట్టలు సర్దుతున్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. వరినీ ఊదనూ లేతగా ఉన్నప్పుడు వేరుచేయడం ఊడ్పు కూలీలకు వెన్నతో పెట్టిన విద్య గానీ, పుస్తకం చదువుకున్న వారికి అంత సులువు కాదు. కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు తొడుగూ, దాని పైన విచ్చుకున్న పత్రదళమూ కలిసే చోట వరిలో పలుచని పొర ఒకటి నిలబడి ఉంటుంది. దాన్నే లిగ్యూల్ అంటాం. దాని పక్కనే కొక్కేల్లాంటి చిన్న చెవులు కూడా ఉంటాయి. మన చేలలో కనిపించే మామూలు ఊద రకాల్లో ఆ పొరా లేదు, ఆ చెవులూ లేవు. ఊద ప్రజాతిలో కొన్ని బహువార్షిక జాతులకు ఆ స్థానంలో వెంట్రుకల అంచు ఉంటుంది గనుక సమాచార సంపుటి ఆ ప్రజాతికి రెండు అవకాశాలనూ ఇస్తుంది. పొర ఉందని చెబితే మాత్రం ఊద జాబితా నుండి జారిపోతుంది.

అతను ఏమి చూశాడో రెండు నెలల తరువాత అతనికే గుర్తులేదు. అదృష్టవశాత్తూ ఆ రోజు జర్నల్ తెరిచి ఉంచాడు. తీసి చూస్తే మూడో పంక్తిలోనే లిగ్యూల్ పొరలా ఉన్నదని చెప్పాడు. అట్ట మీది నమూనాను నీటిలో తడిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అక్కడ ఉన్నది పొర కాదు, పీకేటప్పుడు చిరిగిన తొడుగు అంచు. ఆ పంక్తిలో ఒక్క స్థితిని మార్చి, ఫైలును ఇన్‌పుట్‌గా ఇస్తే అయిదు నిమిషాల్లో ఊద ప్రజాతి పైకి వచ్చింది. పాత చీటీ పక్కన కొత్త చీటీ అంటించాం. జర్నల్ లేకపోయి ఉంటే ఆ విద్యార్థి పొరపాటు పడ్డాడని మాత్రమే మిగిలేది. ఎక్కడ పడ్డాడో, దాన్ని తరువాతి వారు ఎలా తప్పించుకోవచ్చో మాకు తెలిసేది కాదు. ఆ తరువాత ప్రతి ఏడాదీ ప్రాక్టికల్ మొదటి రోజున చిరిగిన తొడుగును, నిజమైన లిగ్యూల్‌ను పక్కపక్కన పెట్టి చూపించడం నాకు అలవాటైంది.

జర్నల్‌ను మరీ ఆకాశానికెత్తుతున్నానని అనుకోకుండా దానిలోని పెద్ద లోపం కూడా చెప్పాలి. అందులో లక్షణాలు పేర్లతో కాక నంబర్లతో నమోదవుతాయి. అయిదో లక్షణం, ఒకటో స్థితి అని ఉంటుందే కానీ అయిదో లక్షణం ఏమిటో ఆ ఫైలు చెప్పదు. మేము స్థానిక కలుపు మొక్కలకు తయారుచేసుకున్న సమాచార సంపుటిలో ఒక ఏడాది, మొలక దశలో కాండం అడుగుభాగపు రంగు అనే కొత్త లక్షణాన్ని జాబితా మధ్యలో చొప్పించాము. దాంతో దాని తరువాతి లక్షణాల నంబర్లన్నీ ఒక్కొక్కటి చొప్పున జరిగిపోయాయి. పాత జర్నల్ ఫైళ్లను మళ్లీ నడిపితే ప్రోగ్రాము చాలాచోట్ల ఏ అభ్యంతరమూ చెప్పకుండా పనిచేసుకుంటూ పోయి, చివరకు ఎక్కడా లేని పేర్లు చెప్పింది. ఎత్తు అనుకున్న చోట రంగు వచ్చి, ఆకు అనుకున్న చోట తొడుగు వచ్చి కూర్చున్నాయి. తప్పు జరిగిందని కంప్యూటరు చెప్పి ఉంటే మేము సంతోషించేవాళ్లం. అది చెప్పకపోవడమే మమ్మల్ని వారం రోజులు తిప్పలు పెట్టింది. అప్పటి నుండి కొత్త లక్షణాన్ని జాబితా చివరనే చేర్చాలని, ఏ మార్పు చేసినా పాత సంపుటి మొత్తాన్ని తేదీ వేసిన వేరే ఫోల్డరులో భద్రపరచాలని, ప్రతి జర్నల్ పక్కన ఏ తేదీ సంపుటితో నడిపామో రాయాలని నియమం పెట్టుకున్నాం. లాగ్ ఫైలు కూడా తెరిచి ఉంచడం ఇక్కడే అక్కరకు వస్తుంది. జవాబులు కూడా అందులో ఉన్నందున, నంబర్లు మారినా ఆ రోజు మనం చూసినదేమిటో చదువుకుని తెలుసుకోవచ్చు.

పొసగని లక్షణాలకు ఇచ్చే మినహాయింపు గురించి కూడా ఒక మాట. సెట్ టాలరెన్స్ అనే ఆదేశంతో, ఒకటో రెండో లక్షణాలు కలవకపోయినా ఆ ప్రజాతిని జాబితాలో ఉంచమని ప్రోగ్రాముకు చెప్పవచ్చు. మనిషి చూపులో తప్పు దొర్లుతుందని ముందే ఒప్పుకుని ప్రోగ్రాము రాసిన వారి వివేకానికి ఇది గుర్తు. కానీ ఫలితాన్ని నమోదు చేసేటప్పుడు ఈ అంకెను రాయకపోతే, ఖచ్చితంగా సరిపోయిన పేరుకూ, ఒక తప్పును క్షమించగా మిగిలిన పేరుకూ తేడా తెలియకుండా పోతుంది. జర్నల్‌లో ఆ ఆదేశం తనంతట తానే నమోదవుతుంది. అవుట్‌పుట్ ఫైలులో మాత్రం మనమే వ్యాఖ్య రూపంలో రాయాలి. నమూనా సంఖ్య, సేకరించిన ఊరు, తేదీ, పరిశీలించిన వారి పేరు కూడా అలాగే మొదటి పంక్తిలో పెట్టించేవాణ్ణి.

చిన్నవిగా కనిపించే విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. ఫైలును పని మొదలుపెట్టక ముందే తెరవాలి. పేరు తేలిన తరువాత అయ్యో అనుకుని తెరిస్తే, తలంబ్రాలు అయిపోయాక వీడియో తీసేవాణ్ణి పిలిచినట్టుంటుంది. పని అయ్యాక మూయాలి. ఒకరి పని ముగిసి మరొకరు కూర్చున్నప్పుడు పాత ఫైలు తెరిచే ఉంటే ఇద్దరి మొక్కలూ ఒకే దస్త్రంలో కలిసిపోతాయి. ఫైలు పేరు కూడా ఆలోచించి పెట్టాలి. మా ల్యాబులో ఇద్దరు విద్యార్థులు తమ తమ ఫైళ్లకు రిజల్ట్ అన్న ఒకే పేరు పెట్టి, ఒకే ఫోల్డరులోకి ఎక్కించారు. రెండోది మొదటిదాన్ని మింగేసింది. కంప్యూటరు అడిగిన ప్రశ్నకు చదవకుండానే అవునన్నాడు రెండోవాడు. విండోస్ కంటే ముందు వాడిన డాస్ కాలంలో పేరుకు ఎనిమిది అక్షరాలు, చివర మూడు అక్షరాలు మించకూడదన్న కట్టడి ఉండేది, కనుక తేదీ, నమూనా సంఖ్య ఇమడ్చడానికి నానా తంటాలు పడేవాళ్లం. ఆ కట్టడి పోయి చాలా కాలమైనా రిజల్ట్, ఫైనల్, ఫైనల్ టూ అనే పేర్లు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. తెలుగు లిపిలో ఫైలు పేరు పెట్టాలన్న కోరిక నాకూ ఉంది గానీ, ఆ పాత ప్రోగ్రాముల దగ్గర ఆ సాహసం చేయవద్దని నా సలహా. మొక్కల తెలుగు పేర్లను వేరే పట్టికలో రాసుకుని, ఫైలు పేరులో నమూనా సంఖ్యనే వాడుకోవడం క్షేమం.

తెలుగు పేర్ల ప్రసక్తి వచ్చింది కనుక మా ప్రాంతపు పాత సంగతి ఒకటి గుర్తుచేయకుండా ఉండలేను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో మా సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కలను వర్ణించి, బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశారు. సోమిడ చెట్టు తెలుగు పేరు నుండే సోయ్‌మిడా అనే ప్రజాతి నామం శాస్త్రంలోకి వెళ్లింది. 1787లో కోరింగను ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. తరువాత మళ్లీ మొదలుపెట్టి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లే వరకు ఆ పని సాగించారు. ఒకే చోట ఒకే ప్రతి ఉంచుకోవడంలోని ప్రమాదం ఈ తీరం వాళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినా మా కళాశాలలో జర్నల్ ఫైళ్లన్నీ ఒకే కంప్యూటరులో ఉండేవి. ఒక వర్షాకాలంలో గోడ చెమ్మకు అది పాడైతే, రెండేళ్ల ఫైళ్లు పోయాయి. రెండో ప్రతి తీయించనందుకు తప్పు నాదే.

ఈ ప్రోగ్రాము పాతబడిందన్నది నిజమే. దాన్ని తయారుచేసిన విభాగంలో పని 2000తోనే ఆగింది. తరువాత ఆస్ట్రేలియాలోనే అట్లాస్ ఆఫ్ లివింగ్ ఆస్ట్రేలియా అనే సంస్థ ఓపెన్ డెల్టా పేరుతో దాన్ని జావా భాషలో తిరగరాయించింది. ఇవాళ పరిశోధక విద్యార్థులు మొక్క జన్యు వరుసను బ్లాస్ట్ వంటి ప్రోగ్రాముతో పోల్చి జాతిని గుర్తిస్తున్నారు. అక్కడా ఆదేశాలే, అక్కడా లోపలికి ఒక ఫైలు, బయటకు ఒక ఫైలు. లినక్స్‌లో ఫలితాన్ని ఫైలులోకి మళ్లించేటప్పుడు బాణపు గుర్తు ఒకటి పెడితే ఆ పేరుతో ఉన్న పాత ఫైలు చెరిగిపోయి కొత్తది వస్తుంది, రెండు పెడితే పాతదాని చివర కొత్తది చేరుతుంది. ఒక్క గుర్తు తేడాతో వారం పని పోగొట్టుకున్న వారు ఏ పరిశోధనశాలలోనైనా కనిపిస్తారు. ఇంట్‌కీతో జర్నల్, లాగ్, అవుట్‌పుట్ విడివిడిగా ఉంచుకోవడం అలవాటైన విద్యార్థి ఇక్కడ అంత తేలికగా బోల్తా పడడని నా అనుభవం.

ఫోను యాప్‌ల మాటకు వస్తే, నేను చూసినవి పేరుతోపాటు ఎంత నమ్మకంతో చెబుతున్నాయో శాతాల్లో చూపిస్తున్నాయి. ఏ లక్షణం చూసి ఆ మాట అన్నాయో చెప్పడం లేదు. రైతు ఒకరు పూయని గడ్డి ఫొటో తీసి ఊద అని జవాబు తెచ్చుకుని, ఆ పేరును బట్టి కలుపు మందు కొడితే, తరువాత అది తప్పని తేలినప్పుడు వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఆయన చేతిలో ఉండేది ఆ ఫొటో ఒక్కటే. అందులో లిగ్యూల్ కనబడి ఉండాలని కూడా లేదు. మందు చల్లే ముందు ఆకును తొడుగు నుండి వంచి పొర ఉందో లేదో చూసి, ఆ చోటునే దగ్గరగా ఫొటో తీసి, తేదీతో దాచుకోమని మీ వ్యవసాయ పుటలో రాస్తే పాఠకులకు మేలు జరుగుతుంది.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలకు నా విన్నపం ఒకటి ఉంది. వర్గీకరణ శాస్త్రం ప్రాక్టికల్ రికార్డులో ఇప్పుడు మొక్క బొమ్మ, వర్ణన, కుటుంబం, పేరు అడుగుతున్నారు. కంప్యూటరు సాయంతో గుర్తించిన మొక్కకు జర్నల్ ఫైలు ముద్రిత ప్రతిని, వాడిన సమాచార సంపుటి తేదీని, పొసగని లక్షణాలకు ఇచ్చిన మినహాయింపును కూడా జతచేయమని అడగాలి. పరీక్షకుడు అనుమానం వచ్చిన రికార్డును అక్కడికక్కడే తిరిగి నడిపి చూడవచ్చు. దీనికి కొత్త పరికరాలు అవసరం లేదు, ఇప్పుడున్న కంప్యూటర్లు చాలు. పేరు సరిగా రాలేదని మార్కులు కోసేయకుండా, దారి సరిగా నడిచి చివరి మలుపులో తప్పిన విద్యార్థికి తగిన మార్కులు ఇవ్వడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. మా కాలంలో అటువంటి విద్యార్థులు చాలామంది నష్టపోయారు. ఆ ఊద మొక్కకు వరి అని రాసిన అబ్బాయికి కూడా నేను మొదట సున్నా వేశాను. జర్నల్ చూసిన తరువాత మార్చాను.

పాత ప్రోగ్రాములకు కాలం చెల్లిందన్న ఆ వ్యాసంలోని వాక్యాన్ని ఈ దృష్టితో సవరించి, వీలైతే ఈ ఉత్తరాన్ని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు,
కాకినాడ జిల్లా.